బంతి కక్కిన ఎలుక: ఒక చలికాలం డైరీ

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మిక్సీలు, ఫ్యాన్లు, ఇన్వర్టర్లు బాగుచేసే షాపు నాది. ఇంట్లో బాల్ పైథాన్ అనే పాము ఒకటి ఉంది, మగది, నాలుగో ఏడు నడుస్తోంది. భయమేస్తే ఉండలా చుట్టుకుని తల మధ్యలో దాచేసుకుంటుంది కాబట్టి పేరు బంతి. అడిగేవాళ్లు ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా, ఇది మన నేల పాము కాదు, పశ్చిమ, మధ్య ఆఫ్రికాది. మన పాముల్ని, జెర్రిపోతైనా సరే, ఇంట్లో పెట్టుకుంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఆ పని ఎవరూ చెయ్యకండి. బాల్ పైథాన్ సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న జాతి, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, చేయించాను.

షాపులో ప్రతి రిపేరుకీ ఒక కార్డు రాస్తాను, ఏ రోజు వచ్చింది, ఏం చూశాం, ఏం మార్చాం అని. దీనికీ అలాగే రాశాను.

నవంబర్ 24, ఆదివారం

పొద్దున షాపుకి బయల్దేరుతుంటే ముందుగది అంతా వాసన. చచ్చిన ఎలుక వాసన కాదు, అంతకన్నా పుల్లగా, గొంతులో పట్టుకునేలా ఉంది. పెట్టె అద్దం జరిపితే నీళ్ల గిన్నె పక్కన గురువారం రాత్రి తిన్న ఎలుక పడి ఉంది. తల కరిగిపోయింది, ముందుకాళ్ల దగ్గర బొచ్చు ఊడి జిగురుగా ఉంది, నడుము నుంచి తోక దాకా మాత్రం మింగినప్పుడు ఎలా ఉందో అలాగే, కాస్త ఉబ్బి. అంటే పని మొదలైంది, మధ్యలో ఆగిపోయింది.

బంతి మూలన, సగం పగిలిన కుండలో ముడుచుకుని ఉంది. బరువు తూచాను, 1,160 గ్రాములు. అక్టోబర్ ఆఖర్లో 1,196. పెట్టంతా బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, కడిగి, ఆరబెట్టి, కింద పరిచిన కొబ్బరి పొట్టు మొత్తం మార్చాను.

అమ్మ గుమ్మంలో నిలబడి, పైటకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని చూసింది. "ఏట్రా అది, అరగలేదా? ఈ చలికి నేనే రెండు దుప్పట్లు కప్పుకుంటన్నాను, దానికేటి కప్పావు?" అంది. దానికి వేడి తగ్గకుండా చూసుకునే థర్మోస్టాట్ ఉందమ్మా, 32 డిగ్రీలు చూపిస్తోంది చూడు అన్నాను.

నవంబర్ 25

అనుమానితుల్ని వరసగా రాసుకున్నా. మొదటిది ఎలుకే. నాకు ఎలుకలు విశాఖ నుంచి వస్తాయి, గడ్డకట్టించి థర్మోకోల్ పెట్టెలో పెట్టి బస్సుకి వేస్తారు, ఈసారి బస్సు నాలుగు గంటలు లేటు. దారిలో కరిగి మళ్లీ నా ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ఎలుకైతే లోపల పేగులు అప్పటికే కుళ్లడం మొదలై ఉంటుంది. మిగిలినవి తీసి చూస్తే రెండింటి పొట్ట పచ్చగా తిరిగి ఉంది. బ్యాచ్ మొత్తం పారేశాను, 900 రూపాయలు మట్టిలో. (ఫ్రిజ్ అంటే ఇంట్లోది కాదు. ఇంటి ఫ్రిజ్‌లో పెడితే అమ్మ నన్ను కూడా అందులోనే పెట్టేస్తుంది. షాపులో ఎవరో రిపేరుకిచ్చి మళ్లీ రాని చిన్న ఫ్రిజ్ ఒకటుంది.)

రెండోది సైజు. ఎలుక 120 గ్రాములు, అంటే పాము బరువులో పదో వంతు. పిల్ల పాములకైతే పది నుంచి పదిహేను శాతం పెట్టచ్చు, ఈ వయసుకి ఆరేడు శాతం చాలు, 80 గ్రాముల ఎలుక సరిపోయేది. పెద్దది పెడితే వారం వారం పెట్టే పని తగ్గుతుందని నేనే కక్కుర్తి పడ్డాను.

మూడోది మా మేనల్లుడు. శుక్రవారం సాయంత్రం, అంటే తిన్న మర్నాడే, వాడు బంతిని మెడలో వేసుకుని ఫోటో దిగాడు. తిన్న 48 గంటల దాకా ముట్టుకోకూడదని వాడికి వందసార్లు చెప్పాను. కడుపులో బరువుతో ఉన్న పాముకి భయమేస్తే పారిపోవడానికి వీలుగా ముందు ఆ బరువే దించేసుకుంటుంది. నాకు ఒక దోషి దొరికేశాడు. అక్కకి ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను, అక్క అంతకన్నా గట్టిగా మాట్లాడి పెట్టేసింది.

వేడి సంగతి చూశానా? చూశాను. డిస్‌ప్లే మీద 32.0. టిక్కు పెట్టాను.

డిసెంబర్ 1

ఆకలితో ఉన్నట్టు అనిపించింది. రాత్రిళ్లు అద్దం వెంట తిరుగుతోంది, నాలుక ఆడిస్తోంది. కొత్త బ్యాచ్ వచ్చింది, ఈసారి బస్టాండుకి నేనే వెళ్లి పెట్టె తెచ్చుకున్నా. 60 గ్రాముల ఎలుక పెట్టాను, టక్కున పట్టుకుంది. కక్కి వారమే అయింది, ఇంకో వారమైనా ఆగమని ఎక్కడ చదివినా ఉంది. నేను ఆగలేదు. రిపేరు చేసిన మిక్సీని వెంటనే ప్లగ్గులో పెట్టి చూడాలనిపించే రోగమే ఇది.

డిసెంబర్ 3

మళ్లీ కక్కింది. రెండు రోజులే ఉంచుకుంది. ఈసారి ఎలుక దాదాపు ఎలా వెళ్లిందో అలాగే వచ్చింది, తడిసిన బొచ్చు, అంతే. పక్కనే నురగలాంటి జిగురు. పాము బరువు 1,118.

ఇక్కడ కాస్త ఆగి, పాము కడుపు ఎలా పనిచేస్తుందో రాస్తాను, ఎందుకంటే నేను చేసిన తప్పు ఎంత పెద్దదో నాకు అప్పుడే అర్థమైంది. స్టీఫెన్ సీకార్, జేర్డ్ డైమండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బర్మీస్ పైథాన్ల జీర్ణం మీద చేసిన పని 1998లో నేచర్ పత్రికలో వచ్చింది. మనకి ఖాళీ కడుపులో కూడా యాసిడ్ ఊరుతూనే ఉంటుంది. ఈ పాములకి అలా కాదు, భోజనానికీ భోజనానికీ మధ్య దుకాణం మూసేస్తాయి, పేగు చిక్కిపోతుంది, యాసిడ్ ఊరడం ఆగిపోతుంది. ఆకలితో ఉన్నప్పుడు కడుపులో పీహెచ్ 7 దగ్గర, అంటే మంచినీళ్లలా ఉంటుంది. మింగిన ఒక్క రోజులో అది 2 దగ్గరకి, అంటే ఘాటైన యాసిడ్‌కి పడిపోతుంది, రెండు రోజుల్లో పేగు బరువు రెట్టింపవుతుంది. మిక్సీ ప్రతి పూటా తన మోటారు తనే చుట్టుకుని, పచ్చడి అవగానే రాగితీగ విప్పేసుకున్నట్టు. ఇంత ఖర్చు పెట్టి తయారుచేసుకున్న యాసిడ్, నీరు, ఉప్పులు అన్నీ కక్కినప్పుడు బయటికి పోతాయి, పోతూ పోతూ గొంతుని కాల్చేస్తాయి. ఆ పుండు మానకుండా నేను రెండోది మింగించాను.

డిసెంబర్ 4

మా ఊరి పశువుల డాక్టర్‌గారు ఆవులూ మేకల్లో దిట్ట. పాముని చూసి, "బాబూ, నాకు తెలియని దానికి మందు రాయను" అన్నారు. ఆ మాటకి ఆయనంటే గౌరవం పెరిగింది. ఆయనే భువనేశ్వర్‌లో పాముల్ని చూసే ఒక డాక్టరమ్మ నంబరు సంపాదించి ఇచ్చారు.

ఆమెకి ఫోన్లో అంతా చెప్పాను, పాడైన ఎలుకల బ్యాచ్, మేనల్లుడు, ఫోటో, అన్నీ. మధ్యలో ఆపి ఒకటే అడిగారు. "రాత్రి మూడు గంటలకి కుండ లోపల నేల ఎంత వేడిగా ఉంటోంది?"

థర్మోస్టాట్ 32 అన్నాను.

"థర్మోస్టాట్ ఎంత అంటోందో నేను అడగలేదు."

మాట్లాడలేకపోయాను. రోజంతా జనానికి మీటర్ పెట్టి చూడకుండా మాట్లాడొద్దని చెప్పేవాణ్ణి నేను.

ఆమె చెప్పింది: రెండుసార్లు కక్కింది కాబట్టి మూడు వారాలు ఏమీ పెట్టొద్దు, నీళ్లు మాత్రం ఎప్పుడూ తాజాగా ఉండాలి. ముందు వేడి సరిచెయ్యండి. ఆ తర్వాత బరువులో రెండు మూడు శాతం మించని చిన్న ఎలుక. మలం వచ్చిన రోజే డబ్బాలో పట్టి పంపండి, పురుగులున్నాయేమో చూద్దాం. వేడి సరిగ్గా ఉండి కూడా మళ్లీ కక్కితే, లేదా నడుం దగ్గర గట్టి వాపు కనిపిస్తే, ఫోన్ చెయ్యకండి, పాముని తీసుకుని వచ్చెయ్యండి.

డిసెంబర్ 5, తెల్లవారుజామున 3.10

మల్టీమీటర్‌కి వేడి కొలిచే థర్మోకపుల్ వైరు తగిలించి కుండలోకి దూర్చాను.

23.

వేడి వైపు నేల, సరిగ్గా బల్బు కింద, 26. చల్లటి వైపు 20. గదిలో 16. థర్మోస్టాట్ మాత్రం ఎర్రటి అంకెల్లో ఠీవిగా 32.0.

టార్చి వేసి చూస్తే కనిపించింది. నేల మీద కుండ పక్కన ఉండాల్సిన ప్రోబ్, అంటే థర్మోస్టాట్‌కి వేడి చెప్పే వైరు కొన, పైన, సిరామిక్ బల్బు (వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చేది) జాలీకి నాలుగంగుళాల దూరంలో, గాల్లో వేలాడుతోంది. బంతి ఎక్కినప్పుడు వైరు లాగినట్టుంది, నేను అంటించిన టేపు ఊడిపోయింది. బల్బు ఆన్ అవగానే దాని పక్క గాలి 32కి వచ్చేస్తుంది, థర్మోస్టాట్ సరే చాలనుకుని కట్టేస్తుంది, కింద నేలకి వేడి చేరేదే లేదు. యంత్రం అబద్ధం చెప్పలేదు పాపం, దాన్ని అడగకూడని చోట అడిగాను. వేసవిలో అయితే ఇది బయటపడేది కూడా కాదు, అప్పుడు మా గదే 34.

ఇంకో సిగ్గుచేటు సంగతి కూడా రాసేస్తాను. కోవిడ్ టైములో కొన్న జ్వరం గన్ ఒకటి ఉంది, నెలకోసారి దాంతో పెట్టె నేల చూస్తుంటాను. అక్టోబర్‌లో చూస్తే తెర మీద 'లో' అని వచ్చింది. బ్యాటరీ లో అనుకున్నాను, మార్చాను, మళ్లీ 'లో', గన్ పోయిందని డ్రాయర్లో పడేశాను. అది మనుషుల నుదురు చూసే మోడ్‌లో ఉంది, ఆ మోడ్‌లో 32 కన్నా తక్కువ ఉంటే అంకె చూపించదు, 'లో' అంటుంది. వస్తువుల మోడ్‌కి మార్చి ఇప్పుడు పెడితే 26. అంటే ఆ గన్ నాకు నెలన్నర ముందే చెప్పింది, నేను దాని నోట్లో కొత్త బ్యాటరీలు కుక్కాను.

పాముకి ఒంట్లో పొయ్యి లేదు. నేల వేడే దానికి కడుపు వేడి. 23 దగ్గర జీర్ణరసాలు నత్తనడక నడుస్తాయి, లోపలి ఎలుక మాత్రం తన పద్ధతిలో తాను కుళ్లిపోతూనే ఉంటుంది. అరగడం కన్నా కుళ్లడం ముందుకెళ్లిపోతే పాము చేసే తెలివైన పని ఒకటే, బయట పడెయ్యడం.

అక్కకి పొద్దున్నే ఫోన్ చేశాను. ఎత్తలేదు.

డిసెంబర్ 8, ఆదివారం

రోజంతా పెట్టె పనే. పెట్టె కొలత నాలుగడుగులు, రెండడుగులు, ఎత్తు రెండు, ప్లైవుడ్, ముందు జరిపే అద్దం. వెనక, రెండు పక్కలా, పైన అంగుళం మందం థర్మోకోల్ బయటి వైపు నుంచి అతికించాను. లోపల వద్దు, పాము గీకి తింటే అదొక కొత్త తలనొప్పి. ప్రోబ్ కోసం నేలకి దగ్గరగా రంధ్రం చేసి, వైరుని నైలాన్ టైతో రెండు చోట్ల బిగించి, కొనని కుండ లోపలి నేలకి ఆనించాను. పెట్టె లోపల టేపు అన్నది ఇక వాడను, ఊడిపోవడం ఒక్కటే కాదు, పాము చర్మానికి అంటుకుంటే పొలుసులు లేచొస్తాయి.

మొదటి థర్మోస్టాట్ ఆగిపోయినా, అతుక్కుపోయి బల్బు ఆన్‌లోనే ఉండిపోయినా కట్ చెయ్యడానికి 35 దగ్గర రెండో థర్మోస్టాట్ సిరీస్‌లో వేశాను. పెట్టెకి ఇన్వర్టర్ లైను లాగాను, ఊళ్లో సగం మందికి ఇన్వర్టర్లు పెట్టి నా పాముకి పెట్టలేదు. గరిష్ఠం, కనిష్ఠం గుర్తుపెట్టుకునే చిన్న థర్మామీటర్లు రెండు, చెరో వైపు.

ఇంకోటి, సిరామిక్ బల్బు గాలిని ఎండగట్టేస్తుంది. తేమ 41 శాతం ఉంది, దీనికి 60 దాకా కావాలి. కొబ్బరి పొట్టు మందంగా పరిచి ఒక మూల తడిపి, పైన గాలి రంధ్రాలు సగం మూశాను. ఒంట్లో నీళ్లు తగ్గితే మలబద్ధకం కూడా వస్తుంది, తెల్లగా మెత్తగా రావాల్సిన యూరేట్ (పాము మూత్రం ముద్దగా ఇలాగే వస్తుంది) పసుప్పచ్చగా రాయిలా వస్తుంది.

డిసెంబర్ 10

గత రాత్రి కనిష్ఠాలు: కుండలో 30.5, చల్లటి వైపు 25. తేమ 58. ఈ అంకెలు రాస్తుంటే ఎంత హాయిగా ఉందో.

డిసెంబర్ 16

ఆగడమే పని. ఎదురింటి ఒడియా భాయి రోజూ పొద్దున పళ్లు తోముకుంటూ "సాపొ ఖాయిలా కి?" (పాము తిందా?) అని అడుగుతాడు, నేను చెయ్యి ఊపుతాను. సలహాలకి మాత్రం లోటు లేదు. వెనకింటి మామయ్య వాము నీళ్లు పట్టమన్నాడు, పాముకి వామేటి మామయ్యా అంటే, మనకి పనిచేసింది దానికి చెయ్యదా అన్నాడు. ఇంకొకరు గుడ్డు. (బాల్ పైథాన్ గుడ్లు తినే పాము కాదు.) పక్కింటి పిన్నిగారు నాగులచవితికి పుట్టలో పోసినట్టు గిన్నెడు పాలు తెచ్చారు. ఆవిడని నొప్పించడం ఇష్టంలేక తీసుకుని టీ పెట్టించుకున్నాను. పాములు పాలు తాగవు, పాలని అరిగించుకోలేవు. పండగ రోజు బుట్టలోని పాము తాగిందంటే దాన్ని రోజుల తరబడి నీళ్లు లేకుండా మాడ్చారని అర్థం.

డిసెంబర్ 24

మూడు వారాలయ్యాయి. 30 గ్రాముల ఎలుక పెట్టాను. ముక్కు దగ్గరకొచ్చి, వాసన చూసి, వెనక్కెళ్లి బంతయిపోయింది. మా గజపతి జిల్లా కొండల్లో క్రిస్మస్ పెద్ద పండగ, సరిగ్గా అప్పుడే వీధిలోకి డప్పులతో పాటల బృందం వచ్చింది, నేలంతా అదురుతోంది. టైము నాదే తప్పు. ఎలుకని కూడా గోరువెచ్చగానే పెట్టాను, గన్‌తో (వస్తువుల మోడ్‌లో!) చూస్తే 29. రాత్రంతా వదిలేసి పొద్దున పారేశాను. కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించేది లేదు.

డిసెంబర్ 29, ఆదివారం

ఈసారి పద్ధతిగా చేశాను. ముందు రోజు రాత్రే షాపు ఫ్రిజ్‌లో పై గది నుంచి కింది గదికి మార్చాను, పొద్దుటికి మెత్తబడింది. సాయంత్రం జిప్ కవర్లో పెట్టి వేడినీళ్లలో అరగంట, నీళ్లు ఒకసారి మార్చి. ఓవెన్ జోలికి వెళ్లకూడదు, లోపల ఉడికి పొట్ట పగులుతుంది. పొట్ట వేలితో నొక్కి చూశాను, లోపల గడ్డ తగల్లేదు. తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో తల ఒక్కటీ ఇంకాస్త వేడిచేశాను. ఎందుకంటే దీని పైపెదవి వెంట చిన్న గుంటలుంటాయి, వాటితో వేడిని చూస్తుంది. చీకట్లో దానికి 29 ఉన్న ఎలుక గోడ లాంటిది, 38 ఉన్న తల దీపం లాంటిది.

లైట్లు ఆర్పి, పొడుగు పటకారుతో కుండ మూతి ముందు ఒక్కసారి కదిపాను. తల బయటికొచ్చింది. నాలుక మెల్లగా రెండుసార్లు. మెడ ఇంగ్లీషు ఎస్ ఆకారంలో వెనక్కి ముడుచుకుంది, అలాగే ఉండిపోయింది, నా చెయ్యి నొప్పెట్టేదాకా. తర్వాత చప్పుడు మాత్రమే వినిపించింది. 7.40. పటకారు ఖాళీ.

బరువు ముందే తూచి పెట్టుకున్నా, 1,104. మొదటి నుంచి పోయింది 92 గ్రాములు, ఏడున్నర శాతం పైన. పది దాటితే భువనేశ్వర్ బస్సెక్కేద్దామనుకున్నాను.

డిసెంబర్ 31

పెట్టె ముందు ఎర్ర రిబ్బన్ కట్టాను, ఎవరూ ముట్టుకోకుండా. రాత్రి రెండు గంటలు కరెంటు పోయింది. కుండలో కనిష్ఠం 29.8. నేను లేచి మూడుసార్లు చూశాను, వాసన రాలేదు.

జనవరి 6

మలం! గోధుమరంగు ముద్ద, పక్కన సున్నంలా తెల్లటి యూరేట్, మెత్తగా. అమ్మకి చూపించబోతే వద్దంది. డబ్బాలో పట్టి పంపాను. నాలుగు రోజులకి డాక్టరమ్మ ఫోన్ చేశారు, పురుగులు లేవు, గుడ్లు లేవు. క్రిప్టో అనే సూక్ష్మజీవి మాత్రం ఒక్కోసారి ఒక్క నమూనాలో దొరకదట, ఇంకోటి పంపమన్నారు. (తర్వాత రాసింది: ఫిబ్రవరిలో పంపాను, అదీ శుభ్రం.)

జనవరి 26

12న 40 గ్రాముల ఎలుక తిని అరిగించుకుంది. ఈ రోజు 50 గ్రాములది పెడితే వద్దంది. (తర్వాత రాసింది: ఫిబ్రవరి 2న కూడా వద్దంది.)

నవంబర్‌లోని నేనైతే ఈపాటికి విశాఖ, భువనేశ్వర్ రెండూ తిరిగొచ్చేవాణ్ణి. కక్కడం వేరు, తినకపోవడం వేరు. మగ బాల్ పైథాన్ చలికాలంలో నెలల తరబడి తిండి మానేస్తుంది, జత కోసం వెతుక్కునే కాలం, అది దాని సొంత వ్యవహారం. కక్కితే మాత్రం ముందు నా పెట్టెని అనుమానించాలి. వారానికోసారి తూస్తున్నాను: 1,112, 1,109, 1,110. వేడి సరిగ్గా ఉంది, బరువు నిలబడింది, నోట్లో జిగురు లేదు, ఊపిరిలో చప్పుడు లేదు. ఎలుకని పెట్టి అరగంటలో తీసేస్తున్నాను, బతిమాలడం మానేశాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

తిన్నది. 70 గ్రాములు.

ఫిబ్రవరి 18

అక్క వచ్చింది, మేనల్లుడితో సహా. ప్రోబ్ కథ, జ్వరం గన్ కథ మొత్తం వాడి ముందే చెప్పాను. వాడు గన్ తీసుకుని నా నుదుటికి పెట్టి, "మామయ్యా, లో వస్తంది" అని పడీపడీ నవ్వాడు. వస్తువుల మోడ్‌లోనే ఉంది, 34 చూపిస్తోంది, ఊరికే అన్నాడు.

ఇప్పుడు పట్టుకోవచ్చా అని అడిగాడు. తిని రెండు రోజులే అయింది, 70 గ్రాములు కడుపులో ఉన్నాయి, శుక్రవారం రా అన్నాను. రిబ్బన్ ముడి సరిగ్గా లేదని వాడే విప్పి మళ్లీ కట్టి వెళ్లాడు.